సముద్రం లేని దేశపు గవ్వలు

నా చిన్నప్పుడు, మా చిన్న మేనమామ వచ్చాడన్న కబురు ముందుగా నాకు చెప్పింది మా బర్రె పాలు పితకడానికి వచ్చే అవ్వ. చెంబు దించకుండానే గడపలోంచి కేకేసింది. "ఏ పిల్లా, మీ మామ బస్సు దిగిండే! చేతిల రెండు పెట్టెలు, మెడకు మఫ్లరు. గీ ఎండల మఫ్లరెందుకో ఆయనకే తెల్వాలె!"

అప్పట్లో మేం నిడమనూరులో అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్లం. మామయ్య జాంబియాలో ఒక షావుకారు దగ్గర గోదాము గుమస్తా. ఆ దేశానికి సముద్రం లేదు. ఎండబెట్టిన పాస్తా, మన సేమియాకు పెద్దన్న అనుకోండి, ఓడలో పక్క దేశపు రేవుకు వచ్చి, అక్కడి నుంచి లారీల మీద ఆ గోదాముకు చేరేది. సరుకు దింపించి తడిసినవీ విరిగినవీ వేరు చేయించడం మామయ్య పని. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసిందల్లా ఒక్కటే. మామయ్య ఒక అందమైన డబ్బా తెచ్చాడు, అది నాకు ఇవ్వలేదు.

ఇచ్చింది అక్కకు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, నాకంటే రెండేళ్లు పెద్దది. సూర్యాపేటలో కాన్వెంటుకు వెళ్లేది. మామయ్యను చూడటానికి మర్నాడే తల్లీకూతుళ్లు వచ్చారు. ఆ డబ్బా ముందువైపు అద్దంలాంటి కాగితం, దాని వెనక గవ్వలు! పిండితో చేసిన లేత పసుపు గవ్వలు, ఒక్కటీ విరగనివి. నా చేతికి మాత్రం కాగితంలో చుట్టిన విరిగిన పాస్తా గొట్టాలు వచ్చాయి.

"నెలనెలా నాకు ఉత్తరం రాసింది గీ పిల్లనే. పరాయి దేశంల ఆ కాయితమే నాకు సోపతి" అని అక్క తల నిమిరాడు మామయ్య.

నాకూ రాయడం వచ్చు. బడి దూరమని నన్ను పంపకపోయినా తాతయ్య ఇంట్లోనే పలక పట్టించి నేర్పాడు, ఆయన రుణం తీరేది కాదు. కానీ ఉత్తరం రాయమని నన్నెవరూ అడగలేదు. నాకు జ్వరం వచ్చిందన్న సంగతి కూడా అక్క దస్తూరీలోనే మామయ్యకు చేరేది.

అక్క నాలుగు గవ్వలు తీసి అష్టాచెమ్మ ఆడదామంది. మొదటి పందేనికే రెండు పగిలి ముక్కలయ్యాయి. నేను గబగబా ముక్కలు ఏరబోయాను. అక్క మాత్రం నవ్వి, "పోనియ్యే, డబ్బా నిండ ఉన్నయ్" అంది.

డబ్బా నిండా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ మాట నిప్పులా తగిలింది. మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు, చేతులు కడుక్కొస్తానని లేచి, ఆ డబ్బాను తీసుకుపోయి బర్రెకు కుడితి కలిపే గోలెంలో బోర్లించాను. తేలిన గవ్వలను మోచేతి దాకా చేయి పెట్టి ముంచాను. బర్రె వచ్చి మూతి పెట్టి, సగానికి సగం తాగేసింది.

గోలెం పక్కనే వదిలేసిన ఖాళీ డబ్బా ముందుగా పెద్దమ్మ కంటపడింది. "మామ గంత దూరం కెళ్లి తెస్తే, ఏడబడితే ఆడ పెట్టి బర్రె పాలు జేసినవా?" అని అక్క మీదికి చెయ్యెత్తింది. నేను తలుపు వెనక ఉన్నాను. నోరు విప్పితే నా పని ఖతం, విప్పకపోతే అక్క వీపు పగులుతుంది. గోడ మీద ఆంజనేయస్వామి పటం వైపు చూశాను. దెబ్బ పడాలనీ మొక్కాను, పడకూడదనీ మొక్కాను. ఏ మొక్కు ముందు మొక్కానో ఇప్పటికీ చెప్పలేను.

మామయ్య నన్ను చూశాడు. నా మోచేతికి తవుడు అంటుకుని ఉంది.

"అక్కా, ఆగు. పోసింది నేను."

"నువ్వా? మతి గిట్ల పోయిందా తమ్మీ?"

"ఆడ విరిగినయి ఆవులకు ఏస్తరు. మన బర్రె తింటదో లేదో సూద్దామని పోసిన."

అమ్మమ్మ కంచం ముందు నుంచే అందుకుంది. "తింటది, ఎందుకు తినదు! రేపు పొద్దుగాల పాలల్ల గవ్వలొస్తయ్, ఏరుకుందురు గని!" అందరూ నవ్వారు. అక్క కన్నీళ్ల మధ్యే నవ్వింది. దెబ్బ తప్పింది.

ఎండ తగ్గాక మామయ్య నన్ను గోలెం దగ్గరికి పిలిచి, చెంబుతో తనే నీళ్లు పోస్తూ నా చేయి కడిగాడు. తిట్టలేదు. ఆ డబ్బా ఎలా వచ్చిందో చెప్పాడు. లారీని సరిహద్దు దగ్గర రెండు రోజులు ఆపేశారట. ఒకటే వాన. పైన కప్పిన టార్పాలిన్ ఒక మూల చిరిగింది. పాస్తాకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది, సరుకంతా పాడవుతుంది. డ్రైవరు తన దుప్పటి తెచ్చి ఆ చిరుగు మీద కప్పి, దాని మీద తన సీటు కింది గోనెసంచులు పరిచి, అవి గాలికి లేవకుండా పైన తానే కూర్చున్నాడట. గోదాముకు వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది, ఒక్క పెట్టె తడవలేదు. ఆ సరుకులో ఒక డబ్బాను షావుకారు మామయ్యకు ఇచ్చాడు.

"రెండు నెలలు నీళ్ల మీద వచ్చింది, వానల వచ్చింది, ఒక్క సుక్క తగల్లే బిడ్డా. మనింటికి వచ్చి తడిసింది" అన్నాడు.

నేను ఏడ్చాను. కాసేపటికి, ఆ డ్రైవరు పేరేమిటని అడిగాను. మామయ్య చెంబు కింద పెట్టాడు. "కాయితం మీద సంతకం తీసుకున్న. పేరు అడగలే" అన్నాడు, ఆ తప్పు తనదే అన్నట్టు గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం నా విరిగిన గొట్టాలు అక్క చేతిలో పెట్టాను. ఎందుకో చెప్పలేదు. అమ్మమ్మ వాటిని పాలూ బెల్లం వేసి ఉడికిస్తే ముద్దయిపోయాయి. "మస్తుగున్నదే!" అని అక్క లొట్టలేసింది. ఆ మాట నాకంటే ముందు తను అన్నందుకు మళ్లీ కాస్త కడుపు మండింది.

ఆ రోజుతో అసూయ పోయిందని రాస్తే దేవుడు ఒప్పుకోడు. కోదాడలో అక్క కట్టుకున్న మేడ మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ లోపల ఏదో చురుక్కుమంటుంది. కానీ అలా అనిపించినప్పుడల్లా, ఇది పొడిగా ఇక్కడికి రావడానికి ఎక్కడ ఎవరు తడిశారో అన్న ఆలోచన వస్తుంది. దేన్నో పాడుచేయాలని లేచిన చెయ్యి తనంతట తానే వెనక్కి వస్తుంది. అంతమాత్రం మార్చినందుకు మా మామయ్యకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మామయ్యను తలుచుకోవడానికి మేమున్నాం. మీరు మాత్రం వీలైతే ఆ లారీ డ్రైవరును ఒక్కసారి తలుచుకోండి. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.