వడమాలపేట చేనులో వినిపించిన కేక

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. మా అమ్మ తాయెత్తు తెచ్చినా కట్టించుకోలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఆ సాయంత్రం నేను విన్నది నాతోపాటు ఇంకొక మనిషి కూడా విన్నాడు. అందుకే రాస్తున్నాను.

నాకు పుత్తూరులో టైలరింగ్ షాపు. పక్కనే మునిరత్నం సెల్‌ఫోన్ రిపేరు అంగడి. ఒకరోజు ఎవరో మామూలు ఫోన్‌తో తీసిన పాలపుంత ఫొటో చూపించాడు. అది చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

టెలిస్కోపు, పెద్ద కెమెరా కొనే స్తోమత మాకు లేదు. వెనక అద్దం పగిలినా కెమెరా బాగున్న పాత ఫోన్ ఒకటి మునిరత్నం సిద్ధం చేశాడు. స్టాండేమో, మాకు తెలిసిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ పారేయబోతే తెచ్చుకున్నది. అది ఊగుతుంటే ప్యాంటు గుడ్డతో సంచి కుట్టి, ఇసుక నింపి కింద వేలాడదీశాను. వేలు తగిలితే ఫొటో అదురుతుందని టైమరు పెట్టడం, కొన్ని సెకన్ల పాటు వెలుతురు పట్టేలా ఫోన్‌ను సరిచేయడం మిద్దె మీద నేర్చుకున్నాం. వీధిలైట్ల వల్ల ప్రతి ఫొటో పాలిపోయేది.

వానలు తెరిపిచ్చాక ఒక అమావాస్య నాడు అంగళ్లు తొందరగా మూసి, వడమాలపేట దాటి లోపలికి బండి మీద వెళ్లాం. అప్పుడే చీకటి పడింది. బీడు పడిన చేను, మోకాలెత్తు గడ్డి. నైరుతి దిక్కున పాలపుంత పల్చటి పొగలా కనిపించింది. మొదటి ఫొటోలోనే అది పడింది.

చింతచెట్టు కూడా పడితే బాగుంటుందని, స్టాండు ఎత్తుకుని ఫోన్ తెర వైపే చూస్తూ వెనక్కి నడిచాను. మునిరత్నం బండి దగ్గరే ఉన్నాడు.

"అరే, రుక్ జా బేటా! పీచే నక్కో జా!"

ఆగు బిడ్డా, వెనక్కి పోవద్దు అని, మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలో. ముసలాయన గొంతు. నా వీపు వెనక నుంచే. టక్కున ఆగిపోయాను.

మునిరత్నం టార్చి వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ వెలుతురు నా మడమల వెనక గడ్డి మీద పడి, అలాగే కిందికి దిగిపోయింది. పిట్టగోడ లేని పాత బావి. బాగా లోతున నీళ్లు మెరిశాయి.

ఇద్దరం బావికి దూరంగా జరిగాం. తర్వాత నాలుగు పక్కలా టార్చి తిప్పాం, పిలిచాం. ఎవరూ లేరు. గొంతు వచ్చిన చోట మనిషి నిలబడడానికి నేలే లేదు.

తిరిగొస్తూ రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం.

"ఆ సాయబు ఎవరో గానీ, నా పిల్లలకు నన్ను మిగిల్చినాడు" అన్నాను.

మునిరత్నం గ్లాసు కింద పెట్టాడు. "సాయబా? తెలుగులో గదప్పా అరిసినాడు!"

"ఉర్దూలో, మునిరత్నం. రుక్ జా బేటా అన్నాడు."

"నాకు ఉర్దూ యాడొచ్చు? 'ఆగు నాయనా, ఎనక్కి పోవద్దు' అన్నాడు. నా సెవులారా ఇన్నాను."

కేక ఒక్కటే. అందులో ఇద్దరికీ అనుమానం లేదు.

మర్నాడు పగలు వెళ్లి చేను ఆసామిని అడిగాం. "ఈడ పొద్దుగూకినాక మనిషే ఉండడప్పా" అన్నాడు. ఆయనతో కలిసి ముళ్లకంప కొట్టి బావి చుట్టూ దడి కట్టాం. మునిరత్నం అక్కడ కర్పూరం వెలిగించాడు. నేను దువా చేశాను.

భయంలో ఏదో విన్నానేమో అని నాకు నేనే చెప్పుకుని చూశాను. కానీ అప్పటికి నాకు భయమే లేదు. అక్కడ బావి ఉందనే తెలియదు.

ఆ ఫొటో ఇప్పుడు నా షాపు గోడ మీద ఉంది. పొద్దున షట్టరు ఎత్తగానే దాని వైపు చూసి షుక్రియా అంటాను. పక్క అంగట్లో మునిరత్నం దండం పెట్టుకుంటాడు. ఎవరికో మా ఇద్దరికీ తెలియదు.