రెండో పేజీలో సంవత్సరం

ఇరవై మూడేళ్ల వయసులో లోకాన్ని బాగుచేయడం నాకు చాలా తేలిక పనిగా కనిపించేది. ఓ మంచి కథ రాస్తే చాలనుకునేదాన్ని. ఆ రోజుల్లో యూనివర్సిటీలో తెలుగు పరిశోధన, తార్నాకలో ఓ పాత డాబా మీద అద్దె గది. వాతావరణ మార్పు మీద రాసిన కథలు జనాన్ని ఎలా కదిలిస్తాయన్నది నా పరిశోధనాంశం. (అప్పటికి నా కథలు కదిలించింది నా రూమ్మేట్‌ని ఒక్కదాన్నే, అదీ గదిలోంచి బయటికి.) మా గైడు సారు నా అధ్యాయాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్లజోడు తీసి, "మంచిగ రాసినవమ్మా. కానీ నీ కథ చదివి ఎవరన్నా ఒక్క బకెట్ కదిలించిన్రా? అది చూపెట్టు, సంతకం పెడ్త" అన్నారు. ఆ సంతకం పడకపోతే ఆ ఏడాది నా థీసిస్ అక్కడే ఆగిపోతుంది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వారం రోజులు కూర్చుని, నీళ్లన్నీ అయిపోయిన తార్నాకలో ఒక నాయనమ్మ, ఒక మనవరాలు అంటూ కథ అల్లాను. ఎత్తుగడ అదిరిపోవాలని మొదటి పేజీని అచ్చం నోటీసులా నడిపాను. "తార్నాక వాసులకు మనవి. రేపటి నుంచి నల్లా నీళ్లు రావు. ఇక ఎప్పటికీ రావు." ఇదంతా 2070లో జరుగుతోందన్న సంగతి, కథ పేరుతో సహా, రెండో పేజీలో గాని బయటపడదు. (ఉత్కంఠ అంటే అదేనని నా గట్టి నమ్మకం.) ఒక సాయంత్రం ఆ మొదటి పేజీని జిరాక్స్ తీయించి గల్లీలోని కరెంటు స్తంభాలకు, టిఫిన్ సెంటర్ గోడకు అంటించాను. "మిగతా కథకు టీచరాంటీ డాబా మీది గదిలో అడగండి" అని అడుగున రాసిన వాక్యం జిరాక్సులో తెగిపోయిందని నేను చూసుకోలేదు.

తెల్లారి మోటార్ల మోతకు మెలకువ వచ్చింది. కింది నుంచి ఇంటి ఓనరు టీచరాంటీ (గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరయిన తెలుగు టీచరు) కేకేస్తున్నారు. "అమ్మాయ్, ఇంకా పడుకున్నావేంటి? రేపట్నుంచి నీళ్లు రావంట! నీ బకెట్లు కూడా పట్రా!" ఎదురింటి రైల్వే అంకుల్ అప్పటికే డ్రమ్ములు, బిందెలు, కూలరు నింపేసి ప్రెషర్ కుక్కర్ పట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డారు. "మూత పెడితే ఆవిరి గూడ పోదు బిడ్డా" అని నాకు కిటుకు కూడా చెప్పారు.

దాచుకోవడమెందుకు, మొదట నా గుండె పొంగిపోయింది. గల్లీ అంతా బకెట్లు కదిలిస్తోంది! ఆ తర్వాత గాని కింద పారుతున్న నీళ్లు నా కంటబడలేదు. పొదుపు చేయమని రాస్తే జనం రోడ్డు కడిగేస్తున్నారు. ఇన్ని మోటార్లు ఒక్కసారే లాగేసరికి పదిన్నరకల్లా గల్లీ చివర ఇస్త్రీ అవ్వ నల్లాలో గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా గేటు ముందుకొచ్చి నిలబడింది. నా కథ దాదాపు అరవయ్యేళ్లు ముందే నిజమైపోయింది. ఆ బిందె చూశాక నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"అది నేనే రాశాను ఆంటీ. కథ."

"ఒక్క అక్షరదోషం లేదు! అప్పుడే అనుకోవాల్సింది, ఇది ఆఫీసు వాళ్లు రాసింది కాదని" అని ఆంటీ తలకొట్టుకున్నారు. గది ఖాళీ చేయమంటారని అప్పుడే మనసులో పెట్టె సర్దేసుకున్నాను. ఇంతలో రైల్వే అంకుల్ కుక్కర్‌తో సహా ఇటొచ్చి, "రెండో పేజీ ఏదీ? సగం చదివిపిచ్చి ఊకుంటవా?" అని గదమాయించారు.

మెట్ల మీద నిలబడి చదివాను. మనవరాలు అడుగుతుంది: "నాయనమ్మా, మీ గల్లీల నీళ్లున్నప్పుడు మీరేం జేసిన్రు?" అంకుల్ చేతిలోని కుక్కర్ కింద పెట్టారు.

"గీ కథల నేనున్ననా?"

"లేరంకుల్."

"మరి నన్నే అడిగినట్టున్నది ఏంది?" అని గొణుక్కుంటూ తన ఇంట్లోకెళ్లి, రెండు నిండు బకెట్లు పట్టుకుని అవ్వ ఇంటివైపు నడిచారు. ఆయన వెనకాల టీచరాంటీ, ఆమె వెనకాల ఇంకో ముగ్గురు. మోటార్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఆంటీ నన్ను ఖాళీ చేయించలేదు. ఇకమీద ఏ కథ రాసినా గోడకంటే ముందు తనకు చూపించాలని మాత్రం షరతు పెట్టారు.

"బకెట్ కదిలింది సార్" అన్నాను మర్నాడు.

"ఎటు?"

"పొద్దున ఇటు, మధ్యాహ్నం అటు." సంగతంతా విని సారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే సంతకం పెట్టారు.

ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. నా కథల్లో సంవత్సరాలు మొదటి వాక్యంలోనే ఉంటాయి, అందరూ బాగున్నాయంటారు, ఒక్క బకెట్టూ కదలదు. నా దగ్గర చేరిన వాళ్లకూ అలాగే రాయమని చెబుతుంటాను. మొన్న ఒకమ్మాయి తన కథ తెచ్చి, "మేడమ్, ఇయర్ ముందే చెప్తే ఎవరు కదుల్తరు?" అని మొహం మీదే అడిగింది. ఆ మాట విని నా పాత గది, పాత పౌరుషం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. కాగితం ఆమెకే తిరిగిచ్చాను.

"సరే, నీ ఇష్టం. జిరాక్సులో కింది లైను మాత్రం చూసుకో" అన్నాను.