బారకో ఊపు

మా అత్తగారు చాలా మర్యాదస్తురాలు. నన్ను తిట్టాలన్నా సరే "ఏవండీ అల్లుడుగారూ" అనే మొదలుపెడతారు. ఆ రోజూ అలాగే మొదలుపెట్టారు.

"ఏవండీ అల్లుడుగారూ, మీరు మరోలా అనుకోకండి. పాపని నాతో ఏలూరు తీసుకెళ్ళిపోతానండి. ఆదివారాలు మీరిద్దరూ వచ్చి చూసుకుందురుగాని."

నేను మరోలానే అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆకివీడు బజారులో అందరికీ తెలుసు. కానీ అత్తగారి ముందు కోపం చూపిస్తే మన మాట చెల్లదు కాబట్టి మింగేశాను.

మా పాపకి అప్పటికి ఎనిమిది నెలలు. మా ఆవిడ ఉంగుటూరు అవతల ఒక ఊళ్ళో గవర్నమెంటు బడి టీచరు. పురిటి సెలవు, దాని వెనక పెట్టుకున్న సెలవు, అన్నీ అయిపోవచ్చాయి. మా అమ్మానాన్నా లేరు. పగలంతా పిల్లని చూసుకోవడానికి మిగిలింది నేనొక్కణ్ణే. నాకు వలల కొట్టు ఉంది. చేపల చెరువులకి వలలు, తాళ్ళు, వల తేలడానికి కట్టే బెండ్లు అమ్ముతాను. ఇల్లు కొట్టు వెనకే.

"మగవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుంటారండి. పెంచరు" అన్నారు అత్తగారు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

మా ఆవిడ పాలసీసా కడుగుతూ వెనక్కి తిరగకుండానే అంది: "దాన్ని ఏలూరు పంపేసి నేను వెళ్ళి ఎవరి పిల్లలకో అ ఆలు దిద్దించడం ఏంటమ్మా? ఉద్యోగమే మానేస్తాలే."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ ఉద్యోగం కోసం ఆవిడ ఎంత చదివిందో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పుస్తకం వదిలేది కాదు. ఎన్ని గిన్నెలు మాడ్చిందో, ఆ మాడు అన్నం నేను ఎన్నిసార్లు తిన్నానో. ఇప్పుడు ఇంత తేలిగ్గా మానేస్తానంటుందా?

"ఎవరూ ఏదీ మానక్కర్లేదు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. పాప కొట్లో నా దగ్గరుంటుంది" అన్నాను.

"సంతోషమండి" అన్నారు అత్తగారు. "సెలవు అయ్యేలోపు చూపించండి మరి. నేను ఇక్కడే ఉంటాను."

అలా పందెం పడింది. పందెంలో పెట్టింది మాత్రం మా పిల్లని.

చూసుకోవడం అంటే పెద్ద విద్య కాదనే అనుకున్నాను. చిక్కంతా నా చేతులతోనే వచ్చింది. తాడు పెద్ద కట్టలయితే కాటా మీద తూస్తాను. చిల్లరగా కొనేవాళ్ళకి మాత్రం బారలు కొలిచి ఇవ్వాలి. బార అంటే రెండు చేతులూ బార్లా చాపి తాడు పట్టి కొలిచేది. పిల్లని చంకన వేసుకుని ఒక చేత్తో బార ఎలా కొలుస్తారు? పోనీ కింద కూర్చోబెడదామంటే కొట్టు నిండా వలకి బరువు కట్టే సీసం గుళ్ళు, పురికొస ముక్కలు. మా పాప చేతికి ఏది దొరికితే అది నోట్లోకే. కాబట్టి నాకు కావలసింది ఏమిటంటే, పిల్ల సుఖంగా ఉండాలి, నా కళ్ళ ముందుండాలి, నా రెండు చేతులూ నాకుండాలి. ఇంతే కదా అని ఫోను తీసి ఆర్డర్లు పెట్టడం మొదలెట్టాను.

ముందు పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి వచ్చింది. గొడుగుతో సహా భలే ఉంది. కొట్టు బయటికి దింపి నాలుగడుగులు తోశానో లేదో, చేపల లారీలు కార్చిన ఐసు నీళ్ళ గుంటలో ముందు చక్రాలు దిగబడ్డాయి. పాపని ఒక చేత్తో, బండిని ఒక చేత్తో ఎత్తుకుని వెనక్కి వచ్చాను. ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుని మరీ నవ్వారు. ఇప్పుడు ఆ బండిలో బెండ్ల సంచులు తిప్పుతున్నాను. బెండ్లకి చాలా సుఖంగా ఉంది.

తర్వాత పిల్లని గుండెకి కట్టుకునే సంచి. అట్టపెట్టె మీద బొమ్మలో తండ్రి స్వెటర్ వేసుకుని ఉన్నాడు. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది. లోపలంతా మెత్తటి దూదిపొర. మన ఎండకి దాంట్లో పిల్లని పెట్టుకుంటే నా చెమట దానికి, దాని చెమట నాకు. సాయంత్రానికి పాప మెడంతా చెమటకాయలు లేచాయి. పైగా వీపు వెనక బకిల్ పెట్టడానికి ఇంకో మనిషి కావాలి. ఆ ఇంకో మనిషే ఉంటే నాకీ గొడవంతా దేనికి?

ఈలోపు అత్తగారు తన వంతుగా ఏలూరు నుంచి వాకర్ తెప్పించారు. నడుస్తుంటే పాట పాడుతుంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. మా కొట్టు అరుగు రోడ్డుకి ఎత్తులో ఉంటుంది, కిందకి మెట్లు. నోటితో చెప్పి లాభం లేదని, ఖాళీ వాకర్ని అరుగు మీద పెట్టి వేలితో ఒక్క తోపు తోశాను. పాట పాడుకుంటూనే మెట్ల మీంచి దొర్లి రోడ్డు మీద బోర్లా పడింది. అత్తగారి మొహంలో రంగు పోయింది. దాన్ని తెచ్చి అటక మీద పెట్టించారు.

"నిజమేనండి, అది వద్దు" అన్నారు కాసేపటికి. "మరి దేంట్లో కూర్చోబెడతారండి?"

అక్కడే నాకు పొగరెక్కింది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళ చెరువులకి వలలిచ్చేవాణ్ణి, నా కూతురికి ఊయల కట్టుకోలేనా? కొట్లో ఉన్నవాటిలో మెత్తటి దారం వల తీసి, దూలానికి మంచి తాడు కట్టి, రెండు కొసలా కర్రలు పెట్టి విడదీసి, లోపల దుప్పటి పరిచాను. గాలి ఆడుతుంది, ఉతికితే ఆరుతుంది, కళ్ళ ముందే ఉంటుంది. నా పనితనానికి నేనే మురిసిపోయి మా ఆవిడని, అత్తగారిని పిలిచి చూపించాను. పాప హాయిగా ఊగింది. ఇద్దరూ బాగుందనే అన్నారు.

మధ్యాహ్నం పాప కాళ్ళు ఆడించి ఆడించి దుప్పటి పక్కకి తన్నేసింది. బొటనవేలు వల కన్నంలో దూరింది. అది లాక్కున్న కొద్దీ దారం బిగిసింది. ఆ ఏడుపు విని చేతిలో తాడు పడేశాను. బ్లేడుతో దారం కోసి వేలు బయటికి తీసేసరికి కందిపోయి ఎర్రగా అయింది. చర్మం తెగలేదు, అంతవరకూ అదృష్టం.

అత్తగారు పాపని నా చేతుల్లోంచి తీసుకున్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఏవండీ అల్లుడుగారూ, వల ఉండేది పట్టుకోడానికే కదండీ."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వలల మధ్య బతికి, ఆ సంగతి నాకు ఒకరు చెబితే గానీ తెలియలేదు.

ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక పాపని తీసుకుని బయల్దేరతానన్నారు. మా ఆవిడ వద్దనలేదు. పాప గౌనులు ఒక్కొక్కటీ మడత పెట్టి పక్కన పెట్టుకుంటోంది. ఆ మడతలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు, వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాపని పంపిస్తే ఆవిడ బడికి నాలుగు రోజులు కూడా వెళ్ళదు. ఉద్యోగం పోతుంది, అయినా పిల్లని పంపిన బాధ మిగులుతుంది. అంతా నా తెలివితక్కువతనం వల్ల.

శనివారం తల్లీ కూతుళ్ళిద్దరూ ప్రయాణానికి కావలసినవి కొనడానికి బజారుకెళ్ళారు. నేను స్నానం చేసి, ఉతికిన లుంగీ భుజాన వేసుకుని, పాపని ఎత్తుకుని కొట్లోకి వచ్చాను. అప్పుడే కొల్లేటి లంక ఊరి నుంచి భార్యాభర్తలిద్దరు పడవకి తాడు కావాలని వచ్చారు. ఆటో నిలబెట్టి ఉంచారు, తొందరలో ఉన్నారు. పాపని దించబోతే గుక్కపట్టింది. ఎత్తుకుంటే బార కొలవలేను. తల ప్రాణం తోకకొచ్చింది.

నా లుంగీ రెండంచులూ కలిపి కుట్టించుకున్నది. అంటే గుండ్రంగా ఒక తొట్టిలా ఉంటుంది. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని దాన్ని మడిచి, ఎక్కువైన పొడవు భుజం దగ్గర ముడేసి, జందెంలా అడ్డంగా తగిలించుకుని పాపని అందులో కూర్చోబెట్టాను. కూర్చుంది. కుడిచెయ్యి చాపాను, బాగానే ఉంది. ఎడమచెయ్యి చాపితే పక్కకి ఒరిగింది. దండెం మీద ఆరిన లుంగీ ఇంకొకటి లాగి రెండో భుజం మీంచి ఎదురు తగిలించాను. రెండూ వీపు మీద, గుండె మీద ఒకదాన్నొకటి దాటాయి. పాప కాళ్ళు రెండు పక్కలా బయటికి, తల నా గడ్డం కింద, మొహానికి గాలి. బకిల్ లేదు, దూది లేదు, పదేళ్ళుగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుబట్ట.

తాడు అందుకుని రెండు చేతులూ చాపాను. ఛాతీ విచ్చుకుంది, పాప కొంచెం పైకి లేచింది. చేతులు ముడిస్తే కిందకి దిగింది. మళ్ళీ చాపాను. బారకో ఊపు. ఏడుపు ఆగింది. ఇంకొన్ని బారలకి కళ్ళు మూతలు పడ్డాయి.

తాడు కొనడానికి వచ్చినావిడ చూసి నవ్వింది. "తాడు కొలుస్తున్నారా, పాపని జోకొడుతున్నారా అండీ?"

"రెండూనండి" అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా నేను కొలుస్తూనే ఉన్నాను. కొట్లో ఉన్న తాడంతా కొలిచేశాను, మళ్ళీ చుట్టేశాను. తర్వాత పక్క కొట్లో దర్జీ సాయిబుగారి దగ్గరకి వెళ్ళి, ముడులు అక్కర్లేకుండా నా ఒంటి కొలతకి కుదించి, గట్టిగా రెండు వరసలు కుట్టు వేయించాను.

అత్తగారు బజారు నుంచి వచ్చి చూశారు. పాప నా గుండె మీద నిద్రపోతోంది, నేను లారీ డ్రైవరుకి తాడు కట్ట కట్టి ఇస్తున్నాను. వేలు పెట్టి కుట్లు లాగి చూశారు. పాప మెడ వెనక చెయ్యి పెట్టి చెమట పట్టిందేమో చూశారు.

"బానే ఉందండి. కానీ తల్లి ఊళ్ళో ఉంటే ఎవరైనా చూసుకుంటారు. సోమవారం సాయంత్రం దాకా ఉండి చూస్తాను."

సెలవు అయిపోయింది, సోమవారం మా ఆవిడ బస్సెక్కి బడికి వెళ్ళింది. అత్తగారు కొట్లో స్టూలు వేసుకుని జడ్జిగారిలా కూర్చున్నారు. పొద్దున్నంతా మహారాజులా గడిచింది. చేపల లారీలవాళ్ళు "కొత్త సరుకా అండీ" అని ఎకసెక్కాలాడితే "అమ్మకానికి కాదు, పని చూసుకోండి" అన్నాను. పాప రాగిజావ తాగింది. లుంగీ తడిపితే మార్చాను. తడిసింది ఉతికి దండెం మీద వేస్తే, కొనేవాళ్ళతో బేరం తెగేలోపు ఆరిపోయింది.

మధ్యాహ్నం దాటాక వచ్చింది అసలు పరీక్ష. పాప నిద్ర లేచి అమ్మ కోసం వెతికింది. ఇంటి గుమ్మం వైపు చూసి, రోడ్డు వైపు చూసి, గొంతెత్తింది. బొమ్మ చూపిస్తే విసిరేసింది. జావ ఇస్తే ఉమ్మేసింది. అత్తగారు స్టూలు మీంచి సగం లేచారు. లేచి పాపని తీసుకున్నారంటే కథ అయిపోయినట్టే. కొనేవాళ్ళెవరూ లేరు. అయినా తాడు కట్ట విప్పాను. చేతులు చాపాను, ముడిచాను, చాపాను. ఏడుస్తూనే ఉంది. నేనూ కొలుస్తూనే ఉన్నాను. విప్పిన తాడు కాళ్ళకి చుట్టుకుంటోంది, వంగి సర్దుకోవడానికి లేదు.

అప్పుడు అత్తగారు వచ్చి కింద పడ్డ కొస తీసుకున్నారు.

"కొస నేను పట్టుకుంటాను, మీరు కానివ్వండి."

ఆవిడ చుడుతుంటే నేను కొలిచాను. ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు తగ్గాయి. చివరికి పాప నా చొక్కా గుండీ పట్టుకుని దాంతో ఆడుకోవడం మొదలెట్టింది. గెలిచానని నాకు అప్పుడు తెలిసింది. పైకి మాత్రం గంభీరంగా ఉన్నాను. లోపల మీసం మెలేసుకుంటున్నాను.

సాయంత్రం బస్సు ఆగింది. మా ఆవిడ దిగి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బజారంతా చూస్తుండగా పరిగెత్తుకొచ్చింది. చేతికి సుద్దముక్క పొడి అలాగే ఉంది. పాప తల్లిని చూసి లుంగీల్లోంచి రెండు చేతులూ చాపి ఎగిరింది. ఆవిడ అందుకుని, తాడు కట్టల మధ్యే చతికిలబడి పాలు పట్టింది. "ఏడ్చిందాండీ?" అని అడిగింది నన్ను.

నేను చెప్పేలోపే అత్తగారు కూతురి పక్కన కూర్చుని, చేతికంటిన సుద్దపొడి తన కొంగుతో తుడిచారు.

"ఏడిస్తే వాళ్ళ నాన్న చూసుకున్నాడు. నువ్వు రేపు కూడా బడికెళ్ళమ్మా."