పులస క్లబ్బు వియ్యంకుడు

ఆలమూరు చుట్టుపక్కల బుల్లిరాజు గారింట్లో భోంచేయకుండా తప్పించుకున్న మనిషి లేడు. పంటనష్టం రాసుకోవడానికొచ్చిన ఆఫీసరు, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు, ఓట్లడగడానికొచ్చిన రెండు పార్టీలవాళ్లు, ఆఖరికి లారీ ఆపి అమలాపురం ఎటండీ అని అడిగిన పాపానికి ఆ డ్రైవరూ, అందరూ ఆయన వేసిన అరిటాకు ముందు కూర్చున్నవాళ్లే. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. "ఇంకొక్క ముద్దండి, నా మీద ఒట్టు" అంటూ ఆయన గరిటె పట్టుకుని నిలబడితే ఎంతటివాళ్లయినా లొంగిపోయేవారు. నాకు షుగరుందండీ అని మొత్తుకున్న తాసిల్దారు గారికి "ఇవి బెల్లం పూతరేకులండి, ఏం పర్లేదు" అని నాలుగు తినిపించిన ఘనత ఆయనది. పాపం, ప్రేమతోనే పెట్టారు.

అవతలివాళ్లకి పెట్టడంలో ఎంత సరదానో, తాను తినడంలో పులసంటే అంత పిచ్చి. గోదారికి ఎర్రనీరు రాగానే ఆయన ఒళ్లు పొలంలో, మనసు యానాం రేవులో ఉండేది. సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే ఆ చేప దొరికే నాలుగు రోజుల కోసం మిగతా ఏడాదంతా ఓపిక పట్టేవారు. పులస రోజున మాత్రం ఆయన ఎవరికీ వడ్డించేవారు కాదు. తల వంచుకుని, మాటా పలుకూ లేకుండా, ముళ్లు ఏరుకుంటూ తినేవారు. ఆ కాసేపూ ఇల్లు ప్రశాంతంగా ఉండేదని భార్య రత్నమాణిక్యం గారు చెప్పుకునేవారు.

ఇలాంటి మనిషికి ఫుట్‌బాల్‌తో ఏం పని? ఏ పనీ లేదు. కాలితో తన్నేది కూడా ఒక ఆటేంటి అనే రకం ఆయన. కానీ ఒక్కగానొక్క కూతురు హారతి, హైదరాబాదులో తనతోపాటు ఉద్యోగం చేస్తున్న అనిర్బాన్ అనే బెంగాలీ అబ్బాయిని చేసుకుంటానంది. బుల్లిరాజు గారు కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగి, ఒకరోజు కాఫీ తాగుతూ "వాళ్లు చేపలు తింటారా?" అని అడిగారు. తింటారట. పైగా పులసంటే వాళ్లకీ ప్రాణమట, అక్కడ దాన్ని ఇలిష్ అంటారట. ఆ మాటతో పెళ్లికి ఆయన వైపునుంచి అడ్డు తొలగిపోయింది.

అడ్డంతా అటువైపే ఉంది. అబ్బాయి తండ్రి దత్తగుప్తా గారు ముక్కోపి. మీవాళ్లని చూశాకే ఏ సంగతీ చెబుతానన్నారు. భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని, ఆ శనివారం రాజమండ్రిలో రైలు దిగారు. ఆయన కాదంటే అనిర్బాన్ తండ్రిమాట దాటే మనిషి కాదని హారతికి తెలుసు. అందుకే ఆ పిల్లకి నిద్ర లేదు.

వాళ్లు దిగిన ముహూర్తం కూడా అలాంటిదే. మర్నాడు సాయంత్రమే పెద్ద జాతీయ కప్పు ఫైనల్. ఆడేవి రెండూ కలకత్తా క్లబ్బులే, నూరేళ్లుగా ఒకదాని పొడ ఒకదానికి గిట్టని క్లబ్బులు. హారతి తండ్రిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"నాన్నా, కాస్త శ్రద్ధగా వినండి. ఒక క్లబ్బు గెలిస్తే దాని తాలూకు వాళ్లు పులస వండుకుని పండగ చేసుకుంటారు. రెండోది గెలిస్తే దాని వాళ్లు రొయ్యలు వండుకుంటారు. అనిర్బాన్ వాళ్ల నాన్నగారిది పులస క్లబ్బు."

"పులస క్లబ్బా?" బుల్లిరాజు గారి మొహం వెలిగిపోయింది. "అయితే మనోళ్లేనమ్మా."

ఆ సంతోషంలో చెవికెక్కింది సగమే. ఇదేదో బెంగాలీల ఆచారమనీ, ఈ క్లబ్బు గెలిస్తే ఇంటికొచ్చిన చుట్టానికి పులస పెట్టాలనీ, ఆ క్లబ్బు గెలిస్తే రొయ్యలు పెట్టాలనీ ఆయనకి అర్థమైంది. మర్యాద దగ్గర మాటపడటం ఆయన వంశంలో లేదు. వంట మేస్త్రీ త్రిమూర్తులు చేత శనివారమే మట్టి దాకలో పులస పులుసు పెట్టించారు, రాత్రంతా ఊరితేనే దానికి రుచి. రొయ్యల ఇగురు మాత్రం, అవసరమైతే అప్పటికప్పుడు తెచ్చి అందర్నీ ఆశ్చర్యపరుద్దామని, ఆదివారం పెరటి పొయ్యి మీద, ఆడవాళ్ల కంటపడకుండా చేయించారు.

ఆదివారం మధ్యాహ్నం దత్తగుప్తా గారు వంటింటి గుమ్మంలో ఆగి, దాక మూత తీయించి, కళ్లు మూసుకుని వాసన పీల్చారు. కప్పు గెలిచాకే తింటానన్నారు. అప్పటిదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టరట. తన ఇంట్లో ఒక మనిషి పస్తుండటం చూసి బుల్లిరాజు గారికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

సాయంత్రం అందరూ టీవీ ముందు చేరారు. ఎర్ర చొక్కాలు పులస, ఆకుపచ్చ చొక్కాలు రొయ్య అని బుల్లిరాజు గారు గుర్తు పెట్టుకున్నారు. ఆట చాలాసేపు ఎటూ తేలలేదు. ఇంతలో ఆకుపచ్చవాళ్లలో ఒకణ్ని రిఫరీ బయటకు పంపేశాడు.

"ఒకడు తగ్గితే మనకి మంచిదే కదమ్మా?" అన్నారు బుల్లిరాజు గారు.

"మంచిదే నాన్నా."

ఆ ఒకడు తగ్గిన జట్టే గోలు కొట్టింది. అదే గోలుతో కప్పు కూడా పట్టుకుపోయింది. దత్తగుప్తా గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. అనిర్బాన్ నేల చూపులు చూస్తున్నాడు. బుల్లిరాజు గారు మాత్రం హుషారుగా లేచారు.

"త్రిమూర్తులూ, ఆకులు వేసెయ్యి."

అందరూ మొహమాటంగా ఆకుల ముందు కూర్చున్నారు. తన ముందుచూపుకి తానే మురిసిపోతూ ఆయన పెరట్లోంచి గిన్నె తెచ్చి, వద్దనడానికి కూడా సందివ్వకుండా, దత్తగుప్తా గారి ఆకులో రెండు గరిటెలు రొయ్యల ఇగురు వడ్డించారు. దత్తగుప్తా గారు రొయ్యల వంక చూశారు. బుల్లిరాజు గారి వంక చూశారు. లేచి, వీధి అరుగు మీదకి వెళ్లిపోయారు.

"ఏం చేశారు నాన్నా," అంది హారతి. "ఓడిపోయి కూర్చున్నాయనకి అవతలివాళ్ల పండగ వడ్డించారు."

అప్పటికి గానీ ఆయనకి సంగతి తలకెక్కలేదు. తన ఆకు ముందునుంచి ఒక మనిషి మెతుకు ముట్టకుండా లేచిపోవడం ఆయన జన్మలో ఎరగరు. కూతురి మొహం చూస్తే గుండె చెరువైంది. గరిటె అక్కడే పడేసి అరుగు మీదకి పరుగెత్తారు.

"బావగారూ, తప్పు నాదండి. కోపమొస్తే నన్ను తిట్టండి. అన్నం మీద అలక్కండి," అంటూ ఆయన పక్కన చతికిలబడ్డారు. కళ్లనీళ్లు ఆగలేదు.

దత్తగుప్తా గారికి తెలుగు ఒక్క ముక్క రాదు. కన్నీళ్లు మాత్రం అర్థమయ్యాయి. అనిర్బాన్ దగ్గర బెంగాలీ నేర్చుకున్న హారతి వెనకే వస్తే, ఆమెని ఆ భాషలో ఏదో అడిగారు. క్లబ్బు ఓడిపోయినందుకేనా మీ నాన్న ఏడుస్తున్నాడు అని. హారతి గుమ్మంలో నిలబడ్డ అనిర్బాన్ వైపు ఒకసారి చూసింది.

"అవునండి, ఆయనదీ పులస క్లబ్బే. రొయ్యలు వంటవాడి పొరపాటు," అంది.

పెరట్లో త్రిమూర్తులు తన మీద పడిన నింద సంగతి తెలియక, మిగిలిన రొయ్యలు తింటున్నాడు.

దత్తగుప్తా గారు బుల్లిరాజు గారిని గట్టిగా కావలించుకున్నారు. తరవాత చెయ్యెత్తి, ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడారు.

"ఏమంటున్నారమ్మా?"

"సంబంధం ఖాయమంటున్నారు నాన్నా. కలిసి ఏడ్చిన మనిషితో వియ్యానికి ఇంక ఆలోచించేదేముంది అంటున్నారు."

"చెయ్యెత్తి ఇంకేదో అన్నారు కదా."

"క్లబ్బు మళ్లీ ఈ కప్పు గెలిచేదాకా మీరిద్దరూ పులస ముట్టకూడదట. మీ తరఫున కూడా ఆయనే ఒట్టేసేశారు."

"మళ్లీ ఎప్పుడు గెలుస్తారు?"

"ఆఖరుసారి గెలిచింది నేను ఎల్‌కేజీలో ఉండగానట."

వంటింట్లో ఎవరో దాక మూత తీసినట్టున్నారు, పులుసు వాసన అరుగు దాకా వచ్చింది. బుల్లిరాజు గారు గుటక మింగారు. వియ్యంకుడి మొహం వంక చూశారు.

"ఆయ్, అలాగేనన్నానని చెప్పు."

ఆ పూట వియ్యంకులిద్దరూ పక్కపక్కన కూర్చుని పెరుగూ ఆవకాయా వేసుకుని అన్నం తిన్నారు. బుల్లిరాజు గారు ఇంకొక్క ముద్ద అని ఎవరినీ అడగలేదు. చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే హారతి వెనకే వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, అబద్ధమాడింది నేను. మీరెందుకు మానెయ్యాలి? ఇప్పుడే వెళ్లి ఆయనకి నిజం చెప్పేస్తాను."

బుల్లిరాజు గారు కండువాతో చేయి తుడుచుకున్నారు.

"వద్దమ్మా. ఆ ఇంట్లో రేపట్నుంచి అన్నం తినాల్సింది నువ్వు," అని, పులస దాక పక్కింటివాళ్లకి ఇచ్చెయ్యమని చెప్పడానికి లోపలికి వెళ్లారు.