గేటు ముందు లారీ

సైట్లలో ఆమెను ఆగమ్మ అంటారు. ముఖం మీద మేడం, వెనక ఆగమ్మ. స్లాబు వేసే ముందు వచ్చి, పైన ఇనుమూ కింద ఆసరాలూ చూసి, కాంక్రీటు పోయొచ్చో లేదో చెప్పడం ఆమె ఉద్యోగం. అడుగుపెడుతూనే "ఆగండి" అంటుంది కనక ఆ పేరొచ్చింది. పెట్టినవాడు ఒక కాంట్రాక్టరు. అతనికి స్పీడు అని ఆమె అంతకుముందే పేరు పెట్టి ఉంది కాబట్టి బాకీ లేదు.

ముందు తనిఖీ, తర్వాత కాంక్రీటు అని నిబంధన. ఆచారం వేరు. కాంట్రాక్టరన్నవాడు ముందు లారీని పిలుస్తాడు, అది బయల్దేరాక తనిఖీకి ఫోన్ చేస్తాడు. ఆమె సైటుకు చేరేసరికి గేటు ముందు లారీ ఆగి ఉంటుంది. దాని వీపు మీద డ్రమ్ము గరగరా తిరుగుతుంటుంది. లోపలున్న కాంక్రీటు ఎవరికోసమూ ఆగదు, గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు "చూసి చెప్పండి మేడం" అంటారు. ముద్ద నోట్లో పెట్టేసి ఆకలిగా ఉందా అని అడగడమూ ఇదీ ఒకటే. తొందరలో జరిగే పొరపాటని కొత్తలో ఆమె అనుకునేది. పొరపాటు కాదు, లెక్కగా చేసే పనే అని అర్థమయ్యాక విసుగు మొదలైంది. ఆ విసుగు ఈనాటికీ తగ్గలేదు.

ఆ రోజు గేటు ముందు రెండు లారీలున్నాయి. మూడోది దారిలో ఉందట. స్పీడు ఎదురొచ్చాడు.

"రండి మేడం రండి. అంతా రెడీ. ఎండలో పైకెందుకు, ఇక్కడే కూర్చుని ఒక్క మాట అనేశారంటే..."

"ఆగండి."

"నేనింకా మొదలే పెట్టలేదు!"

"అందుకే."

పైకెక్కింది. ఇనుము బాగానే కట్టారు, ఆ మాట పైకే అంది. పోతపనివాళ్లు ఎనిమిది మంది పంపు గొట్టం చుట్టూ నిలబడి ఉన్నారు. బూట్లున్నవాళ్లు బూట్లు వేసుకున్నారు, లేనివాళ్లు కాళ్లకు పాలిథిన్ కవర్లు కట్టుకున్నారు. పార మీద గడ్డం ఆనించి నిలబడ్డ ఒకావిడ, "తొందరగా తేల్చండమ్మా, కాంక్రీటు సంగతేమో గానీ మేం గడ్డకట్టేలా ఉన్నాం" అంది. మిగతావాళ్లు నవ్వారు. ఆగమ్మ కూడా నవ్వి, ఆ నవ్వుతోనే కిందికి దిగింది.

కింద, స్లాబు పోసే పలకల్ని మోస్తూ ఇనప జాకీలు అడవిలా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాన్నీ పట్టుకుని ఊపుతుంది, అదే ఆమె పద్ధతి. బిగువుగా నిలబడ్డ జాకీ కదలదు. వరసగా ఊపుకుంటూ పోతే, బాత్రూం రాబోయే మూలలో ఒకటి చేతిలో గరిటెలా తిరిగింది. పక్కదీ అంతే. ఆ పక్కది కూడా. వంగి చూస్తే అక్కడి మన్ను రంగు వేరుగా ఉంది.

"ఇక్కడేం తవ్వారు?"

"తవ్వడమేముంది మేడం. నిన్న పైపు వేసి పూడ్చాం."

"దిమ్మిస కొట్టారా?"

"కాళ్లతో తొక్కించాం. గట్టిగానే తొక్కారు."

"ఎవరు?"

"అందరూ."

జాకీ అడుగున మందమైన పలక ఉండాలి. తిరిగిన జాకీ కింద రేకు బోర్డొకటి ఉంది. మట్టి తుడిస్తే అక్షరాలు కనిపించాయి. 'భద్రతే మా ఊపిరి.' కిందటిసారి ఇది గేటుకు వేలాడుతుండగా ఆమే చూసింది.

"గాలికి పడిపోతోందని తీశాం మేడం" అన్నాడు స్పీడు.

"ఇక్కడైతే గాలి తగలదులెండి. ఇవాళ స్లాబు వద్దు."

అక్కణ్ణుంచి చుట్టరికాలు మొదలయ్యాయి. లారీ గేటు ముందున్నప్పుడు ఆగమ్మకు బంధువులు పుట్టుకొస్తారు. పావుగంటలో మేడం కాస్తా అక్క అవుతుంది, అక్క అమ్మ అవుతుంది, ఆ తర్వాత ఇక తల్లే.

"అక్కా, నువ్వే ఇలా అంటే ఎలా? ఆ మూల వదిలేసి మిగతాది పోసుకుంటాం."

"ఎక్కడ పడితే అక్కడ ఆపితే అతుకు నిలబడదు. డిజైన్ చేసినాయన్ని అడిగారా?"

"ఆయన ఫోనెత్తడమ్మా. పోనీ, ఇప్పుడే రెండు చెక్కలు దూరుస్తా."

"మెత్తటి మన్నులోకి చెక్కలు కూడా దిగుతాయి."

"నా పిల్లల మీద ఒట్టు తల్లీ, ఏమీ కాదు!"

"పిల్లల జోలికెందుకయ్యా, మన్ను సంగతి చెప్పు."

ఈలోగా ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్. స్పీడే చేయించాడని వేరే చెప్పక్కర్లేదు.

"ఏంటమ్మా, మూడు జాకీల కోసం ఇంత రాద్ధాంతమా? మిగతావి మోస్తాయిగా. కాస్త విచక్షణ వాడు."

"వాడాకే వద్దన్నాను సార్. ఆ మూల కుంగితే ఎనిమిది మంది దాంతోపాటే కిందికొస్తారు."

"అన్నిటికీ ఇలా అంటే నిన్ను ఆఫీసులో కూర్చోబెట్టాల్సొస్తుంది."

"పోయమని ఒక్క మెసేజ్ పెట్టండి సార్, ఇతనికి చూపిస్తాను."

"హలో... హలో... సిగ్నల్ లేదమ్మా ఇక్కడ."

ఫోను సంచిలో పడేసింది. భయం వేయలేదంటే అబద్ధం. ఆఫీసులో కూర్చోబెట్టడమంటే సైటు భత్యం పోవడమే, ఆ భత్యంతోనే ఇంటద్దె కడుతోంది. మెత్తటి మన్ను మీద వేసిన స్లాబులన్నీ కూలవన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. చాలావరకు నిలబడతాయి, వచ్చిన చిక్కంతా దాంతోనే. ఇలాంటప్పుడు ఆమె గేటుకు వీపు పెట్టి నిలబడుతుంది. తనను తాను ఒకటే అడుగుతుంది: లారీ లేకపోతే నేనేమందును? గేటు ఖాళీగా ఉందనుకుని ఆ మూలను మళ్లీ చూసింది. మన్ను తీయించి, దిమ్మిస కొట్టించి, మందం పలకల మీద జాకీలు మళ్లీ నిలబెట్టించి, రేపు వస్తానని వెళ్లిపోయేది. ఇంకొక ఆలోచనే వచ్చేది కాదు. మరి ఇవాళ మారిందేమిటి? మన్ను మారలేదు, లారీ వచ్చిందంతే. లారీకి మన్నుని గట్టిపరిచే శక్తి లేదు. దీన్ని ధైర్యమని పొగిడే ఉపన్యాసాలు ఆఫీసులో ఏటా వినిపిస్తారు, వాటి సమయానికి ఆమె బయటికెళ్లి టీ తాగుతుంది.

"వినండి" అంది స్పీడుతో. "వెనకాల పార్కింగు నేల మొన్న నేనే చూశాను, సిద్ధంగా ఉంది. మొదటి లారీ అక్కడ పోయించండి. రెండోది తిప్పి పంపండి, దారిలోదాన్ని ఫోన్ చేసి ఆపండి."

"స్లాబు కాంక్రీటు తీసుకెళ్లి నేలకా!"

"మీ కారుకు మర్యాద అనుకోండి."

స్పీడు చేతిలోని హెల్మెట్‌ని నేలకేసి కొట్టాడు. హెల్మెట్‌కి అతను పని చెప్పడం ఆ రోజు అదే మొదటిసారి. పైనున్న ఎనిమిది మందీ గొణుక్కుంటూ దిగారు. పార పట్టుకున్నావిడ, "పొద్దుట్నించీ నిలబెట్టి ఇప్పుడు వద్దంటారా" అని ముఖం తిప్పుకుని పోయింది. ఆమె ప్రాణం కోసమే ఇదంతా అని ఆగమ్మ చెప్పలేదు. చెబితే బోర్డు చదివినట్టుంటుంది.

ఇంటికెళితే అత్తగారు గుమ్మంలోనే అడిగింది.

"ఇవాళేం కట్టించావే?"

"ఏమీ లేదత్తయ్యా. ఆపి వచ్చాను."

"ఆపడానిక్కూడా జీతమిస్తారా?"

"ఇప్పటికైతే ఇస్తున్నారు."

మర్నాడు పొద్దున్నే స్పీడు ఫోన్. మళ్లీ మేడం అయింది. వెళ్లేసరికి గేటు ముందు ఖాళీ. ఆమె ఒక్క క్షణం తన కళ్లను తనే నమ్మలేదు. స్పీడు ముఖం వెలిగిపోతోంది. "ఈసారి లారీ లేదు మేడం. తీరిగ్గా చూసుకోండి."

చూసుకుంది. ఆ మూలను తవ్వి, కొట్టి, మందం చెక్కల మీద జాకీలు నిలబెట్టారు. ఒక్కోదాన్నీ ఊపింది, ఏదీ కదల్లేదు. బోర్డు గేటుకు వేలాడుతోంది, మధ్యలో సొట్టతో. అంతా అయ్యాక గోడ పక్కన నిలబడితే వెనక వీధి నుంచి సన్నగా గరగర వినిపించింది.

"అదేమిటి?"

"ఏది మేడం?"

"ఆ తిరిగేది."

స్పీడు నేల చూపులు చూశాడు. "లారీని చూస్తే మీకు కోపమొస్తుందని... అటు సందులో పెట్టించాను."

నిన్నటి పాఠం నుంచి అతను నేర్చుకున్నది ఇదీ! మన్ను గురించి కాదు, పలకల గురించి కాదు, లారీని కనపడకుండా పెట్టాలని. ఆమె తల పట్టుకుంది. తిడదామనుకుంది. కానీ జాకీలు గట్టిగా ఉన్నాయి, ఇనుము బాగుంది, వద్దనడానికి కారణం లేదు. కారణం లేకుండా వద్దంటే అప్పుడు లారీని చూసే వద్దన్నట్టు.

"పోయండి" అంది.

పనివాళ్లు పైకెక్కారు. పారావిడ ఇవాళ బూట్లు సంపాదించింది. పంపు మొదలయ్యాక ఆగమ్మ ఆ మూలలో జాకీల పక్కనే ఒక చేయి ఆనించి చాలాసేపు నిలబడింది. ఏమీ కాలేదు. ఏమీ కానిదాన్ని ఎవరికని చూపిస్తుంది?

గేటు దగ్గర స్పీడు ఫోన్లో ఇంకో కాంట్రాక్టరుకు గట్టిగానే చెబుతున్నాడు. "నా మాట వినరా బావా, కిటుకు దొరికింది. ఆగమ్మ వచ్చే రోజు లారీని వెనక సందులో పెట్టు. కళ్ల ముందు లేకపోతే మనిషి బంగారం!"