సూదిపిట్ట రాని మూడు వసంతాలు

ముప్పై రెండేళ్లు అచ్చుయంత్రాల మోతలో నిలబడ్డ మనిషికి ఈ పిట్టల పిచ్చి ఎక్కణ్నుంచి అంటుకుందో ఎవరికీ తెలియదు. అయినా ఊళ్లో పిట్టలు చూసేవాళ్లకు ప్రెస్సాయనే పెద్ద దిక్కు. ఏటా వసంతంలో వలసపిట్టలు ఏటి ఒడ్డు తోటలో దిగే వారం, నలుగురిని వెంటేసుకుని పోతాడు. ఆకుల చాటున ఉన్నదాన్ని కూతనుబట్టే పోల్చుకోవాలి కదా, ఆ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

ఇక రావడం లేదని, తోటకొచ్చే పిట్టల జాబితాలోంచి సూదిపిట్ట పేరు కొట్టేసిందీ ఆయనే. బొటనవేలంత పిట్ట, సూదిమొనంత సన్నటి కూత. మూడేళ్లుగా వినపడలేదు. నిరుడు వెంటవచ్చిన దర్జీ ఏదో కీచుమంటోందంటే, అది పురుగయ్యా అని కసిరేశాడు కూడా. పాపం, దర్జీ నోరు మూసుకున్నాడు.

పోయిన వారం ఆయన చేతిగడియారంలో అలారం సన్నగా కీచుమని మోగుతూంటే భార్య వచ్చి ఆపింది. చెవి పక్కన మోగుతున్నా లేవరేమని దెప్పింది. ఆయనకు మోగినట్టే తెలియదు. అప్పట్నుంచి ముద్ద దిగితే ఒట్టు. పోయింది పిట్టా, తన చెవులా? ఈ పొద్దున తోటలోకి వస్తూ, పిట్టే పోయుంటే బాగుండునని కోరుకున్నాడు. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నా ఆ కోరిక వదల్లేదు.

కొత్తగా వెంటవచ్చిన మరదలు ఓ చెట్టు కింద ఆగింది. ఆవిడకు కాకికీ పిచ్చుకకూ తేడా తెలిస్తే అదే పదివేలు.

"బావగారూ, ఇంత సన్నగా కూస్తోందేంటి?"

పురుగని చెప్పేస్తే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసి, ఏ కొమ్మ అని అడిగాడు. చూపించింది. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్నాడు. పిట్ట నోరు తెరిచే ఉంది, గొంతు ఒకటే అదురుతోంది. ఆయన చెవులకు మాత్రం చడీచప్పుడూ లేదు.

"అదే సూదిపిట్ట," అన్నాడు అందరితో. "ఏటా వస్తూనే ఉంది. వినపడంది నాకే."

దర్జీ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"మరి జాబితాలోంచి మీరు కొట్టేసిన మిగతా నాలుగు పిట్టల సంగతేంటండీ?"

ప్రెస్సాయన కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. కళ్లు తెరిచేసరికి వెంటవచ్చిన నలుగురూ తలలెత్తి, నాలుగు వేర్వేరు కొమ్మలకేసి చూస్తున్నారు.