వెడల్పు తెర, వంకర గీతలు

మా ఇంటి మేడమీది గదిలో ప్రొజెక్టరు మార్చవలసి వచ్చినది మా అక్కయ్య ఫిర్యాదు వల్ల. ఆమెకు బొమ్మ సరిగా కనిపించడం లేదు. మళ్ళీ కనిపించాలి. ఆ పనికి పూనుకోవడంలో నాకు మరొక ఉద్దేశం లేదు.

అక్కయ్య పెళ్ళి చేసుకోలేదు. బాలికల పాఠశాలలో కుట్టు టీచరుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత మా ఇంటనే ఉంటున్నది. నేను గణితం బోధించి, చివరి కొన్నేళ్ళు ప్రధానోపాధ్యాయుడిగా ఉండి దిగినవాణ్ణి. తిరువూరులో వేసవి మధ్యాహ్నాలు గడప దాటడానికి పనికిరావు. అందువల్ల శనివారం భోజనాలయ్యాక నేను, నా భార్య, అక్కయ్య మేడమీద కూర్చుని ఒక సినిమా చూడటం మా ఇంటి నియమం. బొమ్మ నడుస్తుండగా లేవడం, మాట్లాడటం నేను అంగీకరించను. మినహాయింపు అక్కయ్యకొక్కదానికే ఉండేది. తెరమీద ఏ మూలనో నిలబడిన చిన్న వేషగాణ్ణి కూడా ఆమె ఇట్టే పోల్చుకుని, వీడు ఫలానా పాత సినిమాలో పోస్టుమాను వేషం వేసినవాడని చెప్పేది. ఆ పోలిక ఎన్నడూ తప్పలేదు.

అటువంటి మనిషి కిందటి వేసవిలో ఒకనాడు, "ఒరేయ్, నీ మిషను ముసలిదైపోయింది. మొహాలు మాడిపోతున్నాయి," అన్నది.

నాకు స్పష్టంగానే ఉన్నది. నా భార్యను అడిగాను.

"నాకు బాగానే కనపడుతోందండీ. మీ మిషనుకి వంక పెట్టకపోతే వదినగారికి అన్నం సయించదు."

"నీకేం తెలుసమ్మాయ్? ఇంటర్వెల్ దాకా గురకపెట్టి నిద్రపోతావు," అన్నది అక్కయ్య.

అది నిజమే కనుక ఆ సాక్ష్యం చెల్లలేదు. నేను లాంపు మార్పించాను. లెన్సు తుడిచాను. కిటికీలకు నల్లగుడ్డ మరొక వరస కుట్టించాను. కుట్టినది బజారులో దర్జీ. అక్కయ్య అప్పటికే ఓపిక లేదని సూది పక్కన పెట్టింది. ఎన్ని చేసినా ఆమె తీర్పు మారలేదు: "అంచులు బాగున్నాయి. నడిమధ్యే మసి." కొన్నాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పి శనివారాలు పైకి రావడమే మానుకున్నది. అదే మనిషి వడియాలు ఎండబెట్టడానికి ఆ మెట్లే ఎక్కి డాబామీదికి పోవడం నేను రోజూ చూస్తున్నాను. కాబట్టి దోషం మోకాళ్ళలో లేదని నిర్ధారించుకున్నాను. ప్రొజెక్టరులో ఉన్నదని కూడా నిర్ధారించుకున్నాను.

పాతదానిలో ఒక లోపం నిజంగానే ఉండేది. వెడల్పు సినిమా వేస్తే తెరకు పైనా కిందా నల్లపట్టీలు పడి, నడుమ బొమ్మ రిబ్బనులాగా సన్నగిల్లేది. మా చిన్నతనంలో ఊళ్ళో హాలు ఇందుకు పూర్తిగా భిన్నం. వార్తాచిత్రం అయిపోగానే తెరకు రెండు పక్కలా ఉన్న నల్లగుడ్డలు కిర్రుమంటూ దూరం జరిగేవి. ఎత్తు అంతే ఉండి తెర రెండు వైపులా విచ్చుకునేది. నేల క్లాసు మొత్తం ఈలలు వేసేది. అక్కయ్య సంతోషం పట్టలేక నా చెయ్యి గిల్లేది.

అటువంటి తెరే పెట్టించాలనుకున్నాను. ఎత్తు పాతదే, వెడల్పు మాత్రం గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా. ప్రొజెక్టరు లేజరు వెలుగుతో పనిచేసేది, లాంపు మాడిపోయే బాధ లేనిది. పుస్తకాల బీరువాలు పక్క గదిలోకి తరలించి, గోడకు నూలు పట్టి నేనే గుర్తులు పెట్టాను.

బిగించడానికి విజయవాడ నుంచి నడివయస్సు మెకానిక్కు ఒకతను వచ్చాడు. ఎ.కొండూరు దగ్గర మామిడికాయల లారీ వెనక చిక్కుకున్నానని ఆలస్యానికి కారణం చెప్పాడు. లారీలు ఉంటాయని తెలిసినప్పుడు ముందుగా బయలుదేరాలని నేను చెప్పాను.

మా ఇంట్లో ఏ కొత్త వస్తువుకైనా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చిన తరువాతనే స్విచ్చి వేస్తారు. మిక్సీకి, బోరు మోటారుకు, మోపెడ్డుకు అన్నిటికీ అదే మర్యాద. అది ఇంటికి పెద్దదైన అక్కయ్య హక్కు. నేను షరతులు పెట్టాను: హారతి గది బయటనే, కొబ్బరికాయ మెట్లమీదనే, తెరగుడ్డకు ఏదీ తగలరాదు, యంత్రానికి ఒకే ఒక బొట్టు, అదీ లెన్సుకు పైనున్న రేకుమీద.

"బొట్టు ఎక్కడ పెట్టాలో నాకు నేర్పుతున్నావట్రా? మన వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కే పెట్టొచ్చినదాన్ని," అన్నది.

నేనూ మెకానిక్కూ ఇన్వర్టరు తీగ చూడటానికి కిందికి దిగాము. తిరిగి వచ్చేసరికి పూజ ముగిసింది. అతను యంత్రాన్ని వెనక నుంచి పొదివి పట్టుకుని గోడ అరమీద పెట్టాడు. తలుపులు మూశాము. నేను స్విచ్చి వేశాను. తెర సరిచూసుకోవడానికి ఆ యంత్రంలోనే ఒక గళ్ళబొమ్మ ఉంటుంది, నల్లని నేలమీద తెల్లని అడ్డగీతలు, నిలువుగీతలు. అది వెలిగింది. దాని నడిబొడ్డున పెద్ద ఎర్రని మబ్బు కమ్ముకుని ఉన్నది.



"ప్యానెల్ పోయినట్టుంది సార్," అని మెకానిక్కు గొణిగి, స్టూలెక్కి తొంగిచూశాడు. "అయ్యో అమ్మగారూ! అద్దం మీద పెట్టేశారండి బొట్టు!"

"రేకు మీదే పెట్టా. అద్దం మీద పెట్టడానికి నాకేం మతిపోయిందా?"

"తెర చూడండి వదినగారూ, ఎట్లా ఎర్రబడిందో," అన్నది నా భార్య.

"ఏం ఎరుపు?" అన్నది అక్కయ్య.

పొరపాటు ఒప్పుకోవడం ఇష్టం లేక ఆ మాట అంటున్నదని భావించాను.  మెకానిక్కు మెత్తని గుడ్డతో, ఏదో ద్రవంతో ఓపికగా తుడిచాడు. అద్దానికి గీత పడలేదు. మబ్బు తొలగి గళ్ళు తేటగా నిలిచాయి. నేను తెర దగ్గరికి పోయి నూలు పట్టి చూశాను. జీవితమంతా లంబకోణాలతో గడిపినవాణ్ణి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇక తీర్పు చెప్పవలసినది అక్కయ్య.

"ఎలా ఉన్నది?" అని అడిగాను.

"వెడల్పు బాగుందిరా. గీతలే వంకర."

మెకానిక్కు ఉలిక్కిపడ్డాడు. "వంకరా? ఎక్కడండి?"

"నడుమ. దొంగ వంచిన కిటికీ ఊచల్లాగా. ఇంకా లోపలికైతే గళ్ళే లేవు, గుడ్డని ఎలక కొట్టేసినట్టు."

అతను నావైపు చూశాడు. నేను మళ్ళీ నూలు పట్టాను. గీతలు నిటారుగానే ఉన్నాయి. అతను రిమోటు నొక్కి బొమ్మ మొత్తాన్ని కొద్దిగా ఎడమకు జరిపాడు.

"ఇప్పుడండి?"

"అట్లానే ఉంది. ఎడమకి చూస్తే ఎడమన వంగుతున్నాయి, కుడికి చూస్తే కుడిన. నేనెటు చూస్తే అటొచ్చి కూర్చుంటోంది ఈ వంకర!" అని ఆమె నవ్వింది. "మోసపోయావురా. మిషను వెనక్కిచ్చెయ్."

ఆ నవ్వులో ఎవ్వరమూ కలవలేదు. మెకానిక్కు రిమోటు కిందికి దించాడు. నా భార్య నోటికి కొంగు అడ్డుపెట్టుకున్నది. నేను చేతిలోని నూలు చుట్టేశాను. మనిషి చూపుతోపాటు కదిలే వంకర తెరమీద ఉండదు.

"అక్కయ్యా, ఎడమ కన్ను మూసుకో," అన్నాను.

"మూసుకున్నా. నడుమ ఏం లేదు. చుట్టూ ఉన్నాయి గళ్ళు."

"ఇప్పుడు కుడి కన్ను."

"ఇప్పుడున్నాయి. వంగినయ్."

పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డ బంధువులను ఆమె పలకరించడం లేదనీ, వయస్సుతోపాటు గర్వం పెరిగిందనీ విస్సన్నపేట చుట్టాలు నా దగ్గర నిష్ఠూరమాడి ఉన్నారు. ఆ గదిలో, ఆ గళ్ళ వెలుతురులో, వాళ్ళ మాటలు నా చెవుల్లో మోగసాగాయి.

మరునాడు తెల్లవారగానే కారు మాట్లాడుకుని విజయవాడ కంటి ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు చిన్నవాడు. సొరుగులోంచి అరచేతి వెడల్పు అట్టముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. దానిమీద గళ్ళు. మా గోడ మీద వెలిగినవే, అంగుళాలలోకి కుదించినట్లున్నాయి.

"ఎన్నాళ్ళనుంచి అమ్మా ఇట్లా?" అని అడిగాడతను.

"మా తమ్ముడి మిషను పాడైన కాడి నుంచి," అన్నది అక్కయ్య.

డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. కంటి లోపలి పొరలో సూటి చూపునిచ్చే నడిమి భాగం దెబ్బతిన్నది. కుడి కంటిలో అది పోయినది, తిరిగి రాదు. ఎడమ కంటిలో నీరు చేరుతున్నది. ఇంకా కొంత మిగిలి ఉన్నది. కంటిలోకి ఇంజక్షన్లు ఇస్తే నిలబడవచ్చు, ఎంత నిలబడుతుందో హామీ ఇవ్వలేనన్నాడు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఈ కన్నూ దక్కేది కాదు. కంట్లోకి సూది అనే మాట ఆమెకు ఎలా చెప్పాలా అని నేను తడబడుతుంటే, అతనే లోపలికి పోయి చెప్పేశాడు.

"సూది నాకు కొత్తా నాయనా? గుచ్చు," అన్నది.

వరండాలో పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, ఇంతకాలం నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తూనే ఉన్నానుగా, మొహాలు మాడిపోతున్నాయని."

"సినిమాలో మొహాలనుకున్నాను."

"నీ మొహమూ అంతేరా. గొంతుని బట్టి, నడకని బట్టి నువ్వని పోల్చుకుంటున్నా."

"మరి ఆ సంగతి చెప్పాలి కదా!" వరండాలో నలుగురు తిరిగి చూసేటంత గట్టిగా అన్నాను.

"చెప్పడానికేముంది? వయసొచ్చింది, మనుషులు మసిబారతారు. నా మొహం కూడా నీకు అట్లానే కనపడుతోందేమో అనుకున్నా. సినిమా వాళ్ళెందుకు మసిబారాలి? వాళ్ళు ఎప్పుడో తీసిన బొమ్మలాయె. అందుకని మిషనుదే తప్పనుకున్నా."



నర్సు పేరు పిలిచింది. అక్కయ్య లేచి, నా భుజం పట్టుకుని, తల కొంచెం వంచి, నా చెవి పక్కనుంచి ఎక్కడో గోడను చూస్తున్నట్లు చూపు నిలిపింది.

"ఇట్లా పక్కకి చూస్తే కొంచెం కంటికి ఆనుతున్నావు. మీసం తెల్లబడిపోయిందేంట్రా? ఎప్పుడు?"

నేను మీసానికి రంగు వేయడం మానేసి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా ఆమె ఎదుటనే కూర్చుని భోజనం చేశాను.

"ఈ మధ్యనే," అన్నాను.

"బాగుందిలే, ఉండనీ," అని ఆమె నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.